లేచిన చోటల్లా ఒక గీత

“మా ఆవిడకి ఓపిక ఎక్కువండీ” అన్నాడు మాస్టరు.

అన్నది పళ్ళ డాక్టరుతో. అనేటప్పటికి ఆవిడ రబ్బరు గిన్నెలో ప్లాస్టరు కలుపుతోంది. ప్లాస్టరుకి ఆగడం తెలీదు. నీళ్ళు పడ్డాక గబగబా కలిపి, గాలి బుడగలు పోయేలా గిన్నెని బల్లకేసి తట్టి, అచ్చులో పొయ్యాల్సిందే. మొగుడు ఏమన్నాడో, దానికేం జవాబు చెప్పాలో ఆలోచిస్తూ నిలబడితే గిన్నెలో రాయి మిగులుతుంది. అందుకని ఆవిడ నోరు మూసుకుని పోత పోసింది. డాక్టరు నవ్వి, “ఓపికమ్మగారూ, మీరు లేకపోతే మా మాస్టరు ఏమైపోయేవాడో” అన్నాడు. ఆ రోజునుంచీ ఆవిడ పేరు ఓపికమ్మ అయి కూర్చుంది. అందరూ అది బిరుదనుకున్నారు. అది తిట్టు అని తెలియడానికి ఆవిడకి చాలా కాలం పట్టింది.

వాళ్ళది కట్టుడు పళ్ళు చేసే ఇల్లు. వీధి వైపు గది దుకాణం, వెనక వంటగది, మధ్యలో ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకి ఒత్తుకోవాల్సిన నడవా. డాక్టర్లు నోటి కొలతలు అచ్చుల్లో పంపిస్తారు. ఆ అచ్చుల్లో ప్లాస్టరు పోసి దవడ తియ్యాలి. దవడ మీద గులాబీరంగు మైనం కట్టి, మైనంలో ఒక్కో పన్నూ గుచ్చి నిలబెట్టాలి. ఆ మైనం సెట్టుని డాక్టరు, పళ్ళు కావలసిన మనిషి నోట్లో పెట్టి చూసి సరే అంటే, మైనం కరిగించేసి దాని చోట గట్టిపడే ప్లాస్టిక్ చిగురు పోసి, నీళ్ళలో ఉడికించి, ఆకురాయి పట్టి, మెరుగు పెట్టి పంపాలి. మాస్టరు ముందు గదిలో డాక్టర్లతో మాట్లాడతాడు, కొలతలు చూస్తాడు, చివర్న మెరుగు పెడతాడు. ఆ మధ్యన ఉన్నదంతా నడవాలో, ఓపికమ్మ బల్ల మీద జరుగుతుంది. మాస్టరు చేసేదాన్ని పనితనం అంటారు. ఓపికమ్మ చేసేదాన్ని సాయం అంటారు. “ఖాళీగా ఉన్నప్పుడు కాస్త సాయం చేస్తుందండీ” అంటాడు మాస్టరు. ఆ ఖాళీ ఎప్పుడుందో ఎవరైనా వెతికి పెడితే బాగుండు.

అత్తగారి నోట్లో ఉన్న పై వరసా కింది వరసా ఓపికమ్మ గుచ్చినవే. ఆ పళ్ళతోనే ఆవిడ కోడల్ని కొరుక్కు తినేది. “నా కొడుకు చేతి పళ్ళు! ఏది పెట్టినా పిండి చేస్తాయి” అని ఇరుగుపొరుగుకి నోరు తెరిచి చూపించేది. తెరిచిన ఆ నోటితోనే ఇటు తిరిగి, “ఏమే, కూర ఇవాళ్టికి ఉడుకుతుందా?” అనేది.

ఇదంతా ఏళ్ళ తరబడి ఇలాగే నడిచిపోయేది. కానీ ఆ ఊళ్ళో పెద్ద ఆసుపత్రి ఒకటి పెట్టారు. వాళ్ళ పని రావాలంటే పళ్ళ వరస కూర్చడంలో పద్ధతిగా శిక్షణ పొందిన మనిషి ఉండాలన్నారు. మాస్టరు నాలుగు చోట్ల అడిగి ఒక అమ్మాయిని తీసుకొచ్చాడు. ముప్ఫై ఇంకా నిండలేదు. పొట్టి మనిషి, జుట్టు పైకి ముడి వేసుకుని, చేతిలో సొంత పనిముట్ల పెట్టె. గుమ్మంలో నిలబడే చెప్పేసింది.

“పోత పొయ్యనండీ, మెరుగు పెట్టనండీ. వరస కూర్చడం ఒక్కటే. మిగతావి నా పని కాదు.”

“అయ్యో, మీరు మిగతావి చెయ్యడమేమిటి! రండి, కూర్చోండి” అన్నాడు మాస్టరు.

నడవాలో ఓపికమ్మ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. ఏం విన్నానా అని మళ్ళీ మనసులో తిప్పుకుంది. నా పని కాదు. ఎంత తేలిగ్గా అనేసింది! నోరు ఎండిపోలేదు, తల దించుకోలేదు, చివర్న నవ్వు కూడా అతికించలేదు. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చినప్పటినుంచి ఓపికమ్మ ఆ మాట ఒక్కసారైనా అన్నదా? పాయిఖానా తొట్టి కడగడం ఆవిడ పనే. అత్తగారి కాలి గోళ్ళు తియ్యడం ఆవిడ పనే. డాక్టర్ల పిల్లల పుట్టినరోజులు గుర్తుపెట్టుకుని మాస్టరు చేత ఫోను చేయించడం కూడా ఆవిడ పనే. అన్నీ తన పనే అయిన మనిషికి ఏ పనీ సొంతం కాదని ఆ క్షణాన తెలిసొచ్చింది. ఒక్క పనే చేస్తానన్న పిల్లకి కుర్చీ దొరికింది.

ఇంకోటి కూడా చెవిలో గుచ్చుకుంది. మీరు అన్నాడు. కూతురి వయసుకి కాస్త పైనున్న పిల్లని, రండి కూర్చోండి అన్నాడు. తనతో మాట్లాడేటప్పుడు ఆయనకి ఒసే, ఇదిగో, ఎక్కడ చచ్చావ్ తప్ప ఇంకో పిలుపు నోటికి రాదు. మొగుడి నోటినుంచి ఒక ‘మీరు’ కోసం ఈర్ష్య పడే రోజు వస్తుందని ఓపికమ్మ ఎన్నడూ అనుకోలేదు.

సామాన్ల గది ఖాళీ చేశారు. చేశారంటే, ఓపికమ్మ చేసింది. బూజు దులిపి, నేల తుడిచి, కిటికీ అద్దాలు కడిగింది. అందులోకి కొత్త బల్ల, ఎటు కావాలంటే అటు వంగే దీపం, ఎత్తు పెంచుకునే స్టూలు వచ్చాయి. అన్నిటికంటే ముఖ్యంగా ఆ గదికి తలుపు ఉంది. తలుపుకి లోపల గడియ ఉంది. మొదటి రోజే మాస్టరు వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. “ఆవిడ పనిలో ఉన్నారు. తలుపు కొట్టకండి. ఏమే, ఆ గిన్నెలు కాస్త చప్పుడు లేకుండా తోము.”

చప్పుడు లేకుండా గిన్నెలు ఎలా తోమాలో తెలిస్తే అదీ ఒక స్పెషలిస్టు పనే అయ్యుండేది.

స్పెషలిస్టు అనే పేరు ఓపికమ్మే పెట్టింది, ఎగతాళికి. అది నిజం పేరులా స్థిరపడిపోయింది. కాలేజీకి వెళ్ళే కూతురు ఆ గది కిటికీలోంచి తొంగి చూసి వచ్చి, “అమ్మా, ఆ అక్క ఎంత బాగా చేస్తుందో! చేతులు చూస్తుంటే అలా చూడాలనిపిస్తోంది” అంది. ఆ కూతురు పాలు తాగే రోజుల్లో ఒళ్ళో పెట్టుకుని మరీ పళ్ళు గుచ్చింది ఓపికమ్మ. ఆ చేతుల్ని ఎవరూ అలా చూడాలనుకోలేదు.

అత్తగారు తన వంతు నిప్పు తను రాజేసింది. “చూసుకోవే. మగాడు. పొద్దస్తమానం మేడమ్, మేడమ్ అంటూ ఆ తలుపు దగ్గరే తచ్చాడుతున్నాడు. తరవాత ఏడ్చి లాభం లేదు.”

“ఆయన్ని పట్టుకుపోతే పట్టుకుపోనీండి అత్తయ్యా. ఆ స్టూలు మటుకు వదిలిపెట్టి వెళ్ళమనండి” అంది ఓపికమ్మ.

అత్తగారికి అది హాస్యంలా వినబడింది. కాదు. అక్షరాలా నిజం. లోకం ఆడదాని ఈర్ష్యకి ఒకటే కారణం చూపిస్తుంది, మొగుడు. ఆ మొగుడి మీద ఎవరికి కన్నుందని! ఓపికమ్మకి కడుపు మండింది ఆ దీపం కోసం, ఆ గడియ కోసం, ఆ పిల్ల మెడ వంచి కూర్చుంటే ఇల్లంతా ఊపిరి బిగబట్టడం కోసం.

స్పెషలిస్టు బయటికి భోజనానికి వెళ్ళిన ఒక మధ్యాహ్నం ఓపికమ్మ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. తప్పులు వెతకడానికే వెళ్ళింది. దాచుకోవడమెందుకు, వంకలు పట్టుకోవాలని నోట్లో నీళ్ళూరుతుండగా వెళ్ళింది. బల్ల మీద మైనం సెట్టు ఉంది. దీపానికి ఒక పాత ఫోటో అంటించి ఉంది, ఎవరో పెద్దావిడ వయసులో ఉండగా నవ్వుతున్న ఫోటో. ఆ నవ్వులో ముందు పన్ను ఒకటి పక్కదాని మీదికి కాస్త వాలి ఉంది. మైనంలోనూ ఆ పన్ను అలాగే వాలి ఉంది. వాలీ వాలనట్టు. ఆ కాస్త వాలుతోనే అది పళ్ళ సెట్టు కావడం మానేసి ఒక మనిషి నోరయింది. ఇప్పుడే ఏదో చెప్పబోతున్నట్టు ఉంది.

ఓపికమ్మ దాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది. వెలుతురుకి ఎత్తిపట్టింది. ఒక్క వంక దొరకలేదు. మైనం గాజులా ఉంది, మొదలు నుంచి చివరిదాకా ఒక్కసారి గీసిన గీతలా. ఆ స్టూలు మీదే కూర్చుంది. ఆ పిల్ల పని చెత్తగా ఉంటే ఎంత సుఖంగా ఉండేది! మాస్టరుకి కళ్ళు లేవనీ, లోకానికి న్యాయం లేదనీ అనుకుని హాయిగా ఏడ్చుకునేది. ఇప్పుడు ఆ ఏడుపు కూడా లేదు. ఆ పిల్ల నిజంగానే తనకంటే గొప్పది. అది మింగుడుపడడంలేదు.

అంతకంటే మింగుడుపడనిది ఇంకోటుంది. చాలా ఏళ్ళ కిందట తను కూడా ఒకసారి అలా చేసింది. ఒక ముసలమ్మ సెట్టులో కోరపన్నుని కాస్త తిప్పి పెట్టింది. ఎందుకంటే చెప్పలేదు, అలా అయితే బాగుంటుందనిపించింది. మాస్టరు చూసి, “ఏమే, కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావ్? గోడ కట్టినట్టు తిన్నగా ఉండాలి” అని చిటికెన వేలితో పీకేశాడు. ఆ రోజునుంచి ఆవిడ గోడలే కట్టింది. మొన్న ఆసుపత్రి డాక్టరుకి స్పెషలిస్టు సెట్టు చూపిస్తూ అదే మాస్టరు, “చూడండి సార్, ఆ వంపులో ఎంత జీవముందో” అన్నాడు.

ఆ వారంలోనే ఇంకో మాట అన్నాడు. భోజనం చేస్తూ, మహా ఉపకారం చేస్తున్నవాడిలా. “ఇంక నీకు విశ్రాంతే. వరస కూర్చడం మేడమ్ చూసుకుంటారు. నువ్వు పోత పోసి ఇస్తే చాలు, అది వంటగట్టు మీదయినా పొయ్యొచ్చు. నడవాలో నీ బల్ల తీసేద్దాం. అక్కడ ఫ్రిజ్ పెడితే వంటింట్లో చోటు కలిసొస్తుంది.”

“నా బల్లా?”

“మరి? ఇంకా ఎందుకది?”

ఓపికమ్మ ఆయన కంచంలో మరో గరిటెడు కూర వేసింది. చెయ్యి దానంతటదే వేసింది. గుచ్చడానికి పళ్ళు లేకపోతే ఈ ఇంట్లో తను ఏమిటి? ఆ బల్ల ముందు కూర్చున్నంతసేపే, నడుమ ఎన్నిసార్లు లేచినా, ఆవిడకి తానొక మనిషినన్న సంగతి గుర్తుండేది. ఇప్పుడు ఆ చోట ఫ్రిజ్ నిలబడుతుంది. మర్నాడే బల్ల విప్పారు. దాని మీదున్న పాత సామానంతా స్పెషలిస్టు గదిలోకి చేర్చారు.

ఇక ఒక గోడ సంగతి చెప్పాలి.

సామాన్ల గదికీ వంటింటికీ మధ్య గోడ ఒకటే. గోడకి ఇటు పొయ్యి, పళ్ళ సెట్లు ఉడికించే పెద్ద తపేలా. అటు వైపు గోడకి కొట్టిన ఒక చెక్క అర. వంటవేళకి ఆ గోడ వెచ్చబడుతుంది. వానాకాలంలో ఓపికమ్మ తడి మేజోళ్ళు ఆ చెక్క మీదే ఆరేసేది. మైనం ఎన్నడూ దాని దరిదాపుల్లో పెట్టేది కాదు. ఒక పూట టీ తీసుకెళ్ళినప్పుడు, స్పెషలిస్టు అప్పుడే పూర్తయిన సెట్టుని దుమ్ము పడకుండా ఆ చెక్క మీద పెట్టడం కళ్ళారా చూసింది.

మాట గొంతుదాకా వచ్చింది. అక్కడ పెట్టకు అమ్మాయ్, కరుగుతుంది. అంతే, నాలుగు ముక్కలు. స్పెషలిస్టు తల ఎత్తకుండానే, “అక్కడ పెట్టండి” అంది, టీ గురించి. ఓపికమ్మ టీ పెట్టి వచ్చేసింది. వచ్చి పొయ్యి వెలిగించింది. వంట ఎలాగూ చెయ్యాలి కదా. కానీ ఆ పూట, ఎవరూ అడగని నీళ్ళు కూడా ఒక పెద్ద గిన్నెడు పొయ్యి మీద పెట్టింది. అవి మరిగి మరిగి సగమయ్యేదాకా చూస్తూ నిలబడింది. ఇది ఆవిడ తరఫు కథ కాబట్టి ఈ సంగతి దాటేద్దామంటే కుదరదు. కావాలనే చేసింది.

మైనం కారిపోలేదు. కారితే కంటికి కనిపించేది. కాస్త మెత్తబడి, ఒక వైపు దంతాలు వెంట్రుకవాసి కిందికి దిగి, మళ్ళీ గట్టిపడింది. అలాగే డాక్టరు దగ్గరికి వెళ్ళింది. మర్నాడు ఫోను. ఆ పళ్ళు ఒక రిటైరైన బస్సు కండక్టరువి. రెండు బస్సులు మారి వచ్చాడు పెద్దాయన. సెట్టు నోట్లో పెడితే ఒక పక్క ముందే తగిలి, ఇంకో పక్క నోరు తెరుచుకునే ఉంటోందట. అద్దంలో చూసుకుని, “నన్ను నేనే వెక్కిరిస్తున్నట్టుందయ్యా” అని వెళ్ళిపోయాడట.

ఓపికమ్మ నడవాలో, ఫ్రిజ్ పక్కన నిలబడింది. ఇప్పుడు మాస్టరు ఆ పిల్ల మీద విరుచుకుపడతాడు. అది వినాలి. తను ఒకసారి కుడి పన్ను ఎడమ పక్కన పెట్టినందుకు ఎన్ని నెలలు తిన్నది చీవాట్లు! ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఆ కథ చెప్పి నవ్వించాడు. “అందుకే ఆడవాళ్ళ చేతికి అప్పజెప్పకూడదనేది” అని ముగించేవాడు. వాళ్ళకి టీ అందిస్తూ తను కూడా నవ్వేది. ఏం చేస్తుంది మరి?

మాస్టరు గొంతు వినబడింది. “అయ్యో, దానికేముందమ్మా! ఎంత చెయ్యి తిరిగినవాళ్ళకైనా ఒకసారి జరుగుతుంది. మీరేం మనసులో పెట్టుకోకండి.” తరవాత ఇటు తిరిగి గట్టిగా, “ఏమే, మేడమ్‌కి టీ పెట్టు!”

నిపుణురాలు చేస్తే పొరపాటు. పెళ్ళాం చేస్తే బుద్ధి లేకపోవడం. ఆ పిల్ల పనితనం చూసినప్పుడు కూడా ఓపికమ్మకి ఇంత మండలేదు. తప్పు చేసే హక్కు కూడా దానికే ఉందన్నమాట. ఒకరి తప్పు ఒక రోజుతో పోతుంది, ఇంకొకరి తప్పు ఇంటి పేరులా వెంటపడుతుంది.

టీ పట్టుకెళ్ళేసరికి స్పెషలిస్టు ఆ గోడ మీద అరచెయ్యి పెట్టి నిలబడి ఉంది. ఓపికమ్మ లోపలికి రాగానే తలుపు వేసి గడియ పెట్టింది.

“అక్కా, ఈ గోడ వేడెక్కుతుందని మీకు తెలుసా?”

“తెలుసు.”

“నేను సెట్టు అక్కడ పెట్టడం చూశారా?”

“చూశాను.”

“మరి చెప్పలేదేం?”

నువ్వు స్పెషలిస్టువి కదా, నేను చెప్పేదేముంది అనబోయింది ఓపికమ్మ. ఆ తెలివైన జవాబు నాలుక మీదే ఉంది. నోటికి వచ్చింది మాత్రం ఇంకోటి. “నిన్ను చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. అందుకని.”

స్పెషలిస్టు మొహం ఎర్రబడింది. “నా మీద మంటయితే నా జుట్టు పట్టుకోండి. ఆ పెద్దాయన ఏం చేశాడు మీకు? నాలుగు నెలల్నుంచి పాలలో రొట్టె నానబెట్టుకుని తాగుతున్నాడట. రెండు బస్సులు మారి వచ్చాడు. ఆయన నోటితో ఆడుకుంటారా?”

ఓపికమ్మ టీ కప్పు బల్ల మీద పెట్టింది. ఇన్నేళ్ళు బిగబట్టింది ఒకసారి వదిలాక ఆగుతుందా? “ఔను, తప్పే. ఆయన కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను. కానీ నీకేం తెలుసే? నువ్వు వస్తే రండి అంటారు. నువ్వు కూర్చుంటే గిన్నెలు కూడా నోరు మూసుకోవాలి. నువ్వు పాడు చేస్తే దానికేముందంటారు. ఇన్నేళ్ళు ఈ ఇంట్లో ప్రతి నోరూ నేను కట్టాను. నా బల్ల ఉన్న చోట ఇవాళ ఫ్రిజ్ ఉంది. నాకూ పని తెలిసిన చెయ్యి ఉండేది. ఏమైందో తెలీదు.”

స్పెషలిస్టు మూలనున్న పెట్టెలోంచి ఎవరూ తీసుకెళ్ళక మిగిలిపోయిన పాత మైనం సెట్టు ఒకటి తీసింది. బల్ల విప్పినప్పుడు వచ్చిన సామానులోది. దాన్ని దీపం కింద పెట్టి, సన్న పనిముట్టు మొనతో చూపించింది.

“ఇది మీరు పెట్టిందే కదా? ఇదిగో, ఇక్కడ లేచారు. ఇక్కడ మళ్ళీ లేచారు. ఈ కోరపన్ను దగ్గర చాలాసేపు రాలేదు మీరు.”

ఓపికమ్మ వంగి చూసింది. మైనంలో సన్నటి గీతలు. చల్లారిపోయిన మైనం మీద కొత్త మైనం పోస్తే పడే అతుకులు. ఎన్నడూ కంటికి ఆనలేదు. ఇప్పుడు ఆ ఒక్క సెట్టులోనే వేలితో తడుముకునేటన్ని. మొదటి గీత అత్తగారి వేడినీళ్ళది. రెండోది గ్యాసు బండ వాడు వచ్చి తలుపు బాదినప్పటిది. కోరపన్ను దగ్గరిది బాగా గుర్తుంది. మాస్టరు కళ్ళజోడు కనిపించక ఇల్లంతా వెతికించాడు. చివరికి ఆయన జేబులోనే ఉంది. తిరిగొచ్చేసరికి మైనం రాయిలా అయిపోయింది. అంతకుముందు ఆ పన్నుని ఎటు వంచాలనుకుందో అది కూడా మర్చిపోయింది.

“నాకు చెయ్యి పుట్టుకతో రాలేదక్కా” అంది స్పెషలిస్టు. “నాకు నేర్పినావిడ మొదట్లో దవడ పళ్ళు తప్ప ముట్టుకోనిచ్చేది కాదు. ఎన్ని పాడు చేశానో లెక్క లేదు. ఎన్ని పాడు చేసినా కూర్చున్నాను, అంతే. ఇంట్లో నన్నెవరూ లేపలేదు. మా అన్నయ్య పెళ్ళాం ఉంది. ఎవరు పిలిచినా ఆవిడే లేచేది.” పాత సెట్టుని పక్కకి జరిపింది. “మా వదిన కూడా నన్ను మీలాగే చూస్తుంది. మొహం మాడ్చుకుని. ఇంత చేసి పెడుతూ ఎందుకిలా ఏడుస్తుందా అనుకునేదాన్ని.”

“ఇప్పుడు తెలిసిందిగా” అంది ఓపికమ్మ. “ఏం చేస్తావ్?”

స్పెషలిస్టు పనిముట్టు మొనకంటిన మైనాన్ని గుడ్డతో తుడుస్తూ ఉండిపోయింది. అది చూసి ఓపికమ్మకి మొదటిసారి ఆ పిల్ల మీద కాస్త దయ కలిగింది. ఆ వెంటే ఒక మాట నోరు జారి పడింది. “నాకు నేర్పుతావా?”

“మీకా?”

“ఏం, ముసలిదాన్నా?”

“అది కాదు. నాకు నేర్పే ఓర్పు లేదు. మొహమ్మీదే అనేస్తాను. పెద్దవాళ్ళని చూడను.”

“అను.”

“మధ్యలో లేస్తే మాత్రం మళ్ళీ రావద్దంటాను. ఏ పూట కూర్చుంటే ఆ పూట కూర్చోవాలి. మీ వల్ల అవుతుందా?”

అక్కడ ఓపికమ్మ తడబడింది. ఏళ్ళ తరబడి కాళ్ళకి ఒకటే తెలుసు, పిలిస్తే లేవడం. చేతులకి నేర్పడం సులువే. కాళ్ళకి ఎవరు నేర్పుతారు?

ఆ రోజు భోజనాల దగ్గర ఆవిడ వడ్డించడం అయ్యాక నిలబడలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. మాస్టరు వింతగా చూశాడు.

“కండక్టరు సెట్టు పాడవడానికి కారణం నేను. గోడ వేడెక్కుతుందని తెలిసీ చెప్పలేదు. అక్కర్లేని నీళ్ళు కూడా కాచాను.”

“నువ్వా? ఎందుకే?” మాస్టరు ముద్ద కంచంలోనే ఆగిపోయింది.

“కడుపుమంట.”

“ఆవిడ మీదా? మనింటికి నాలుగు డబ్బులు తెచ్చే మనిషి మీదా? సిగ్గుండాలి!”

“ఉంది. అందుకే చెప్తున్నా. ఇంకోటి కూడా చెప్తున్నా. రేపటినుంచి పొద్దుటిపూట నేను ఆ గదిలో కూర్చుంటాను. మొదటినుంచీ నేర్చుకుంటాను. ఆ పూట వంట మీరు చేస్తారో, మనిషిని పెట్టుకుంటారో, బయట తింటారో మీ ఇష్టం. పోత కూడా మీరే పోసుకోవాలి.”

మాస్టరు నవ్వాడు. కోపం వచ్చుంటే బాధ సగమే ఉండేది. నవ్వాడు. “ఈ వయసులో నేర్చుకుని ఏం సాధిస్తావే? అయినా నీకేం తక్కువ చేశాం? నలుగురిలో నిన్ను ఎంత పొగుడుతాను నేను! మా ఆవిడ అంత ఓపిక ఎవరికీ లేదని నేను చెప్పని మనిషి లేడు.”

“నిజమే, చెప్పారు. నాకు చెయ్యి ఉందని మటుకు ఒక్కరికీ చెప్పలేదు.”

ఆయన నవ్వు అక్కడితో ఆగింది. అత్తగారు ఇద్దరి మొహాలూ చూసి, గొంతు సవరించుకుని, తనకి ముఖ్యమైన సంగతి తేల్చుకుంది. “మీరూ మీరూ ఏం చేసుకుంటారో చేసుకోండి. నాకు వేళకి టీ పడితే చాలు. ఎవరు పెడితే ఏం, చక్కెర ఎక్కువ వెయ్యాలి. వాడికి తెలుసో లేదో.”

మర్నాడు ఓపికమ్మ స్పెషలిస్టు బల్లకి ఈ చివర, వంటింటి పీట వేసుకుని కూర్చుంది. ఎత్తు చాలక మోచేతులు పైకి లేచి ఉన్నాయి. స్పెషలిస్టు ఒక దవడ ముందు పెట్టి, “ముందు ఆరు పళ్ళు. అంతే” అని తన పనిలో పడిపోయింది. ఈవిడకి ఆ వేళ్ళ మీదినుంచి చూపు తిప్పుకోవడం కష్టమయింది. స్పిరిటు దీపపు మంట మీద పనిముట్టుని ఎంతసేపు ఉంచాలో ఆ వేళ్ళు ఆలోచించడం లేదు. ఈర్ష్య ఎక్కడికీ పోలేదు, పక్కనే కూర్చుంటే మరింత దగ్గర్నుంచి కాలుస్తోంది. అయితే ఇదివరకు అది ఇల్లంతా తిరిగేది. ఇప్పుడు ఒక్క చోట నిలబడి, ఆ పిల్ల మణికట్టు ఎక్కడ తిరుగుతోందో చూపిస్తోంది.

రెండో పన్ను గుచ్చుతుండగా వంటింట్లోంచి కేక వచ్చింది. “ఏమే! ఉప్పెక్కడుంది?”

ఓపికమ్మ మోకాళ్ళు నిటారయ్యాయి. పీట మీదినుంచి లేచే ఉంది. తను లేవాలనుకోలేదు. ఒళ్ళే లేచింది. స్పెషలిస్టు తల ఎత్తలేదు. చేతిలో మైనం ఇంకా మెత్తగా ఉంది. ఓపికమ్మ మళ్ళీ కూర్చుంది.

“ఏమే, వినబడుతోందా? ఇక్కడేదో మాడుతోంది!”

మాడుతోంది. వాసన ఇక్కడిదాకా వస్తోంది. పొయ్యి కట్టేయమని ఇక్కడినుంచే అరవొచ్చు. ఆ మాట నోట్లో పెట్టుకుని నమిలి మింగేసింది. పొయ్యి ఎలా కట్టేయాలో ఆయనకి తెలుసు. తెలియకపోతే తెలుస్తుంది. మూడో పన్ను. కోరపన్ను దగ్గర ఒక్క క్షణం ఆగి, ఎటు వంచాలనిపించిందో అటు వంచింది. ఎవరో తలుపు మీద ఒకసారి కొట్టారు, మళ్ళీ కొట్టారు, తరవాత అడుగుల చప్పుడు దూరమయింది. ఆరో పన్ను దగ్గరికి వచ్చేసరికి వీపంతా చెమట. మైనం చల్లారకముందే చివరిదాకా నునుపు చేసి, సెట్టుని రెండు చేతులా ఎత్తి స్పెషలిస్టు ముందు పెట్టింది.

స్పెషలిస్టు దాన్ని తిప్పి చూసింది. దీపం కిందికి లాగి చూసింది. దూరంగా పట్టుకుని ఒక కన్ను మూసి చూసింది. ఈ ఇంట్లో ఓపికమ్మ చేసిన పనిని ఎవరూ ఇంతసేపు చూడలేదు.

“బాలేదు” అంది.

ఓపికమ్మ చెవులు వేడెక్కాయి. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. కోపం వస్తుందనుకుంది, అదీ రాలేదు. పీట ముందుకి జరుపుకుంది.

“ఎక్కడ?” అంది. “చూపించు.”